ఇంట్లోనే టమాట పాస్తా సాస్.. ఏ నూనె వాడాలి? ఎంత వాడాలి?

హుజూర్‌నగర్: పిల్లలు పాస్తా అడిగితే చాలామంది ప్యాకెట్‌తో పాటు సాస్ బాటిల్ కూడా తెచ్చేస్తారు. వెనకాల లేబుల్ చదివితే చాలా బాటిళ్లలో టమాటతో పాటు చక్కెర, ఉప్పు కూడా కనిపిస్తాయి. అదే సాస్‌ను కిలో టమాటలతో గంటలోపే ఇంట్లో చేసుకోవచ్చు. ఆలివ్ ఆయిల్ లేకపోయినా ఏం కాదు.

నలుగురికి కావాల్సినవి:
బాగా పండిన టమాటలు కిలో, ఉల్లిగడ్డ 1, వెల్లుల్లి రెబ్బలు 6, క్యారెట్ 1, నూనె 2 టేబుల్ స్పూన్లు, ఉప్పు ముప్పావు టీ స్పూన్, కొద్దిగా మిరియాల పొడి, కొత్తిమీర.

తయారీ ఇలా..
టమాటలకు గాటు పెట్టి మరిగే నీళ్లలో 2 నిమిషాలు ఉంచాలి. తొక్క తీసి మిక్సీ పట్టాలి. సన్నని మంట మీద నూనె వేడి చేసి వెల్లుల్లి, ఉల్లిగడ్డ ముక్కలు మెత్తబడే దాకా వేయించాలి. టమాట గుజ్జు, తురిమిన క్యారెట్ వేసి 20 నుంచి 25 నిమిషాలు దగ్గర పడనివ్వాలి. పులుపును క్యారెట్ తగ్గిస్తుంది, చక్కెర అక్కర్లేదు. చివర్లో ఉప్పు, మిరియాల పొడి, కొత్తిమీర వేసి దించాలి.

నూనె అసలే వద్దా?
వద్దనుకోకండి. టమాటకు ఎరుపు రంగునిచ్చే లైకోపీన్, ఉడికించి కొంచెం నూనెతో తింటేనే ఒంటికి బాగా పడుతుంది. కాకపోతే కొలత ముఖ్యం. 2 టేబుల్ స్పూన్లంటే దాదాపు 27 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఒక మనిషికి రోజు మొత్తానికి సూచించిన నూనె, కొవ్వు కూడా అంతే. నలుగురు పంచుకుంటే మనిషికి 7 గ్రాములే పడుతుంది.

ఏ నూనె మంచిది?
సాగర్ ఎడమ కాల్వ కింద వరి పండే హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతంలో రైస్ మిల్లులకు కొదవ లేదు. ఆ మిల్లుల్లో వచ్చే తవుడు నుంచే రైస్ బ్రాన్ ఆయిల్ తీస్తారు. తవుడు త్వరగా పాడవుతుంది కాబట్టి నూనెను ఫ్యాక్టరీలో తీసి రిఫైన్ చేస్తారు. ఇది ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, సాస్‌కు వేరే వాసన పట్టదు. పల్లి నూనె, పొద్దుతిరుగుడు నూనె కూడా వాడొచ్చు. ఏడాదంతా ఒకే నూనె కాకుండా మార్చి మార్చి వాడటం మేలు. వనస్పతి మాత్రం వద్దు.

'కొలెస్ట్రాల్ లేదు' అనే మాట చూసి ఎక్కువ ధర పెట్టొద్దు. మొక్కల నుంచి వచ్చే ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్, తయారీ తేదీ చూసి కొనాలి. బజ్జీలు, గారెలు కాల్చగా మిగిలిన నూనెను సాస్‌లో పోయొద్దు. పదేపదే కాగిన నూనెలో హానికర పదార్థాలు పెరుగుతాయి. ఇవి 25 శాతం దాటిన నూనెను హోటళ్లు కూడా వాడకూడదని 2018 జులై 1 నుంచి నిబంధన ఉంది.

పచ్చడిలా నిల్వ పెట్టొద్దు
టమాట నిల్వ పచ్చడి బయట ఆగేది ఉప్పు, నూనె ఎక్కువగా ఉండటం వల్లే. ఈ సాస్‌లో అవి తక్కువ. సీసాలో పోసి అల్మారాలో పెడితే చెడిపోతుంది, తింటే ప్రమాదం. ఫ్రిజ్‌లో 3, 4 రోజులు, డీప్ ఫ్రీజర్‌లో 3 నెలల వరకు ఉంచుకోవచ్చు.