మశూచి పట్టికల అంచులు: షెఫీల్డ్, లెస్టర్ లెక్కలు

ఉక్కు పనికి పేరుపడ్డ ఇంగ్లండు నగరం షెఫీల్డ్‌ను 1887-88లో మశూచి పట్టి పీడించింది. ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో టీకాను ప్రయోగించి చూపి అప్పటికి తొంభై ఏళ్ళు దాటింది. 1853 చట్టం పసిపిల్లలకు టీకాను తప్పనిసరి చేసింది. అయినా టీకా నిజంగా ప్రాణం కాపాడుతుందా అన్న వాదం ఆ దేశంలో చల్లారలేదు. లెస్టర్ నగరంలో 1885లో టీకా చట్టాన్ని ఎదిరిస్తూ జనం భారీగా ఊరేగారు. 1889లో ప్రభుత్వం రాయల్ కమిషన్‌ను నియమించింది. ఇరుపక్షాలూ అంకెలే సాక్ష్యంగా తెచ్చాయి. అందువల్ల ఆ అంకెలను ఎలా చదవాలన్నదే పెద్ద ప్రశ్న అయింది.

గణాంక శాస్త్రజ్ఞుడు జార్జ్ ఉడ్నీ యూల్ 1912లో ఈ మశూచి లెక్కలను ద్విమార్గ పట్టికలుగా పరిశీలించాడు. షెఫీల్డ్ పట్టికలో టీకా వేయించుకున్న రోగుల్లో 3,951 మంది కోలుకున్నారు, 200 మంది చనిపోయారు. టీకా లేనివారిలో 278 మంది కోలుకున్నారు, 274 మంది చనిపోయారు. లోపలి గడులు ఈ నాలుగే. అడ్డువరుసలను కూడితే టీకా ఉన్నవారు 4,151, లేనివారు 552. నిలువు వరుసలను కూడితే కోలుకున్నవారు 4,229, మృతులు 474. ఎటు కూడినా మొత్తం 4,703.

అంచుల్లో నిలిచే ఈ మొత్తాల్లో ఒక్కొక్కదాన్ని 4,703తో భాగిస్తే వచ్చేది ఉపాంత సాపేక్ష పౌనఃపున్యం. టీకా ఉన్నవారు 0.883, లేనివారు 0.117, కోలుకున్నవారు 0.899, మృతులు 0.101. ఒక్కో అంచు విలువలు కలిసి 1 కావాలి. కాకపోతే కూడికలో తప్పు దొర్లినట్టే.

రోగుల్లో నూటికి 88 మంది టీకా వేయించుకున్నవారే కనుక టీకా పనికిరాదని అనిపించవచ్చు. ఆ తీర్పు నిలవదు. ఊళ్ళో అత్యధికులకు టీకా పడినప్పుడు రోగుల్లోనూ వారే ఎక్కువగా ఉంటారు. అంచు విలువ రోగుల కూర్పును చెబుతుందే గాని, టీకాకూ మరణానికీ ఉన్న సంబంధాన్ని చెప్పదు.

ఆ సంబంధాన్ని తేల్చడానికి అంచులు మరో విధంగా పనికొస్తాయి. మరో గణాంక శాస్త్రజ్ఞుడు కార్ల్ పియర్సన్ 1904లో వివరించిన పద్ధతి ఇది: రెండు లక్షణాలకూ సంబంధమే లేకపోతే ప్రతి గడి వాటా దాని రెండు అంచుల వాటాల గుణకారానికి సమానం కావాలి. ఆ ప్రకారం షెఫీల్డ్‌లో టీకా ఉన్నవారిలో సుమారు 418 మంది చనిపోవాలి. చనిపోయింది 200 మంది. టీకా లేనివారిలో 56 మంది చనిపోవాలి. చనిపోయింది 274 మంది. టీకా ఉన్న రోగుల్లో మృతులు నూటికి 5 లోపు, లేనివారిలో దాదాపు 50.

లెస్టర్ పట్టిక చిక్కును ఇంకా పెంచింది. అక్కడ టీకా ఉన్నవారిలో 197 మంది కోలుకున్నారు, ఇద్దరు చనిపోయారు. లేనివారిలో 139 మంది కోలుకున్నారు, 19 మంది చనిపోయారు. మొత్తం 357 మందిలో టీకా ఉన్నవారి వాటా 0.557, మృతుల వాటా 0.059. టీకాను ఎక్కువమంది వద్దన్న ఊళ్ళోనే మరణాల వాటా తక్కువ! అంచులను మాత్రమే పోల్చి చూసేవారికి ఇది టీకాకు వ్యతిరేక సాక్ష్యంగా కనిపిస్తుంది. లోపలి గడులు చూస్తే లెస్టర్‌లోనూ టీకా లేనివారిలో నూటికి 12 మంది, ఉన్నవారిలో నూటికి ఒక్కరే చనిపోయారు.

రెండు ఊళ్ళ అంచులు వేర్వేరుగా ఉన్నప్పుడు సంబంధాన్ని పోల్చేదెలా? యూల్ దారి చూపాడు. ఎదురెదురు మూలల్లోని గడుల గుణకారాల మధ్య నిష్పత్తి చెడకుండా అంచులన్నీ సగం సగం అయ్యేలా పట్టికను సరిచేయాలి. అప్పుడు షెఫీల్డ్‌లో ‘టీకా ఉండి కోలుకున్న’ గడికి 0.408, లెస్టర్‌లో 0.393 వస్తాయి. అంత వేరుగా కనబడిన రెండు ఊళ్ళూ దాదాపు ఒకే మాట చెబుతున్నాయి. సంబంధాన్ని కొలిచే తీరుపై యూల్‌తో పియర్సన్ తీవ్రంగా విభేదించాడు. 1913లో డేవిడ్ హెరాన్‌తో కలిసి సుదీర్ఘమైన ఖండన ప్రచురించాడు.

తర్వాతి తరం అంచులకు కొత్త పని అప్పగించింది. అమెరికాలో 1940 జనగణన కోసం గణాంక శాస్త్రజ్ఞులు డెమింగ్, స్టీఫన్ ఒక పద్ధతి రూపొందించారు. కొద్దిమంది నుంచి సేకరించిన నమూనాతో నిండిన పట్టికను, పూర్తి గణనలో తేలిన అంచులకు సరిపోయేదాకా అంచెలంచెలుగా సవరించే పద్ధతి అది. నేటి సర్వేల్లోనూ అది వాడుకలో ఉంది.

ద్విమార్గ పట్టికను చదివేటప్పుడు ముందు అంచులు లెక్కగట్టాలి. తీర్పు మాత్రం లోపలి గడులను చూశాకే చెప్పాలి. ప్రజల ప్రాణాలకు సంబంధించిన ఏ లెక్కకైనా ఈ క్రమం తప్పనిసరి.