దీపస్తంభపు బొమ్మలు – వాని రంగులు

సముద్రతీరమున నిలిచిన దీపస్తంభమునకు రాత్రి వెలుగెంత ముఖ్యమో, పగటి రంగును అంతే ముఖ్యము. రాత్రివేళ దీపము వెలిగి ఆరు తీరును బట్టి నావికుడు తానున్న చోటు గుర్తించును. పగలు ఆ పని చేయునది రంగు. ఇది తెలియనిచో, అమెరికాలో దీపస్తంభపు బొమ్మలు సేకరించువారు ఒక చార కొరకు, ఒక ఛాయ కొరకు వాదులాడుట వట్టి వెర్రిగా తోచును.

ఆ బొమ్మలకు మూలమైన స్తంభములలో ఉత్తర కరోలినా తీరమందలివి మిక్కిలి ప్రసిద్ధములు. అచ్చటి తీరము పల్లపు ఇసుకనేల. గుర్తు పట్టుటకు ఒక కొండ యైనను లేదు. 19వ శతాబ్దమున అచ్చట కట్టిన పొడవైన ఇటుక స్తంభములు దూరమునుండి చూచువారికి ఒక్కతీరుగ కనబడెడివి. ఒకదానిని వేరొకటిగా భ్రమించిన ఓడ ఇసుకమేటల పాలగును. అందుచే 1873లో కేప్ హాటరాస్ స్తంభమునకు చుట్టుకొని పైకి పోవు నలుపు తెలుపు చారలును, కేప్ లుకౌట్ స్తంభమునకు ఏటవాలు గళ్లును వేయించిరి. బోడీ దీవి స్తంభమునకు అడ్డుపట్టీలు వచ్చినవి. 1875లో వెలిగిన కరిటక్ స్తంభమునకు రంగే పూయలేదు. ఎర్రని ఇటుకయే దాని గుర్తు. లుకౌట్ గళ్లలో నల్లనివి ఉత్తర దక్షిణములకు, తెల్లనివి తూర్పు పడమరలకు తిరిగియుండును. కావున కనబడిన గడిని బట్టి దిక్కు కూడ తెలియును.

హాటరాస్ యెదుటి ఇసుకమేటలకు డైమండ్ షోల్స్ అని పేరు. వజ్రాకారపు గళ్లు అచ్చట వేయవలసియుండగా, పనివారు పొరపడి లుకౌట్‌కు వేసిరని జనులు చెప్పుకొందురు. కథ ముచ్చటైనదే గాని, నాటి అధికారుల ఉత్తరువులలోనే ఏ స్తంభమునకు ఏ రంగో స్పష్టముగ నున్నది.

1991లో కాలిఫోర్నియాకు చెందిన హార్బర్ లైట్స్ సంస్థ ఇట్టి బొమ్మలను పరిమిత సంఖ్యలో వెలువరింప నారంభించెను. రెజిన్ అను కృత్రిమపు జిగురును అచ్చులలో పోసి, చేతితో రంగులు వేసిన బొమ్మలవి. చేతిపని గనుక ఒకదాని ఛాయ మరియొకదానికి రాదు. ఇది సామాన్యభేదము. విలువైన భేదము వేరొకటి గలదు. హాటరాస్ స్తంభము 1870లో వెలిగినప్పుడు క్రింద తెలుపు, పైన ఎరుపు. వర్జీనియా యందలి అసటీగ్ స్తంభమునకు ఎరుపు తెలుపు పట్టీలు 1960 దశకమున గాని రాలేదు. కావున పట్టీలు లేని అసటీగ్ బొమ్మను తప్పుబొమ్మ యని త్రోసివేయరాదు. అది తాతలనాటి స్తంభము.

ఈ చిక్కు మన దేశమందును గలదు. మద్రాసు దీపస్తంభమునకు బొమ్మ చేయబూనినవాడు ముందుగా సంవత్సరము నిర్ణయించుకొనవలెను. 1844 నాటిదైనచో హైకోర్టు ఆవరణమున నేటికిని నిలిచియున్న రాతి స్తంభము. 1894 నాటిదైనచో ఎర్రని హైకోర్టు భవనపు శిఖరము. 1977 నుండి మాత్రమే అది మెరీనా తీరమందలి ఎరుపు తెలుపు పట్టీల ముక్కోణపు గోపురము.