పంచ్ 9:07కి.. జీతం లెక్క 9:15 నుంచి! మధ్యలో ఆ 8 నిమిషాలు ఎవరివి?

గార్లదిన్నె (అనంతపురం జిల్లా): 44వ నంబర్ హైవే మీద బస్సు పట్టుకుని అనంతపురంలో డ్యూటీకి వెళ్లేవాళ్లకు ఇది తెలిసిన టెన్షనే. బస్సు కాస్త లేటైందా, వేలిముద్ర మెషీన్ 9:07 చూపిస్తుంది. కొన్ని చోట్ల సాఫ్ట్‌వేర్ మాత్రం దాన్ని 9:15గా మార్చేస్తుంది. సాయంత్రం 6:12కి బయటపడితే 6:00 అని రాసుకుంటుంది. దీన్నే టైమ్ రౌండింగ్ అంటారు.

లెక్క చూద్దాం. రోజు కూలి 480 రూపాయలు, పని 8 గంటలు అనుకోండి. అంటే నిమిషానికి సరిగ్గా రూపాయి. గంట భోజన విరామం తీసేస్తే 9:07 నుంచి 6:12 వరకు చేసిన పని 485 నిమిషాలు. మెషీన్ లెక్కగట్టింది 465. రోజూ ఇలాగే జరిగితే 26 రోజులకు 520 రూపాయలు పోయినట్టే. ఒక రోజు కూలి కంటే ఎక్కువ! చిల్లరే కదా అని వదిలేసేది కాదిది.

రౌండింగ్ అన్నదే తప్పా? అలా అనలేం. దగ్గరి పావుగంటకు సర్దితే 9:07 అనేది 9:00 అవుతుంది, 9:08 అయితే 9:15. ఒకరోజు మీకు లాభం, ఇంకోరోజు యజమానికి. అమెరికాలో ఫెడరల్ నిబంధనలు ఈ పద్ధతిని ఒప్పుకుంటాయి, కానీ మొత్తమ్మీద ఉద్యోగి నష్టపోకూడదన్న షరతుతో. అక్కడ కూడా భోజన విరామాల టైమ్‌ను రౌండ్ చేయకూడదని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2021లో తేల్చేసింది. అసలు గొడవ ఎక్కడంటే, పొద్దున పైకి, సాయంత్రం కిందికి.. రెండుసార్లూ ఒకే వైపు లాగడం దగ్గరే.

మన చట్టం ఏం చెబుతోంది? పనిలో లేని టైమ్ ఎంతో జీతంలో కోత కూడా ఆ నిష్పత్తిని మించకూడదని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం సెక్షన్ 9లో ఉండేది. ఏడు నిమిషాలు లేటైతే ఏడు నిమిషాలకే కోత, పావుగంటకు కాదు. (పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది కూడబలుక్కుని నోటీసు లేకుండా మానేస్తే వేరే లెక్క ఉంది.) 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఇదే సూత్రం ఉంది.

ఓవర్‌టైమ్ సంగతి ఇంకాస్త ఆసక్తికరం. దానికి రెట్టింపు కూలి ఇవ్వాలి. పైగా 2020 నవంబర్‌లో కేంద్రం బయటపెట్టిన ముసాయిదా నిబంధనల్లో రౌండింగ్ కార్మికుడి వైపే మొగ్గింది: 15 నుంచి 30 నిమిషాలు అదనంగా చేస్తే అరగంట, 30 దాటితే గంట కింద లెక్క. మన మెషీన్లు చేసేదానికి ఇది పూర్తిగా రివర్స్ అన్నమాట.

నిమిషాల గొడవ ప్రైవేటుకే పరిమితం కాదు. 2022 ఆగస్టులో ఏపీలో టీచర్లకు ముఖం గుర్తించే హాజరు యాప్ వచ్చినప్పుడు, నిమిషం లేటైతే సెలవేనా అంటూ పెద్ద రచ్చే జరిగింది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఇదే జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పనుల్లో 2023 జనవరి నుంచి రోజుకు రెండు ఫోటోల హాజరు తప్పనిసరి చేశారు. అక్కడ రౌండింగ్ నిమిషాల్లో కాదు, సిగ్నల్ లేక రెండో ఫోటో ఎక్కకపోతే రోజంతా సున్నా అవుతోందని కూలీలు మొత్తుకున్నారు.

మీ విషయంలో అనుమానం ఉంటే ఏం చేయాలి? పంచ్ కొట్టాక స్క్రీన్ మీద టైమ్‌ను ఫోన్లో ఫోటో తీసుకోండి, మెషీన్ దగ్గర ఫోన్ వద్దంటే చిన్న డైరీలో రాసుకోండి. నెలాఖరులో వేతన స్లిప్ అడగండి, ఇవ్వడం యజమాని బాధ్యత. రెండూ పక్కపక్కన పెట్టి తేడా ఎంతో చూడండి. ముందు సూపర్‌వైజర్‌తో మాట్లాడండి. చాలాసార్లు అది సాఫ్ట్‌వేర్‌లో ఎవరో పెట్టి మర్చిపోయిన సెట్టింగే అయి ఉండొచ్చు. వినకపోతే కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు చేయొచ్చు. కొత్త కోడ్ ప్రకారం బకాయి క్లెయిమ్‌కు మూడేళ్ల గడువుంది. అందుకే ఆ డైరీని పారేయకండి.