సామూహిక ఆక్వేరియంలో సిక్లిడ్ చేపల ఎంపిక

సిక్లిడ్‌లు సిక్లిడే కుటుంబానికి చెందిన చేపలు. వీటిలో 1,700కు పైగా జాతులను శాస్త్రవేత్తలు వర్ణించారు. ఇవి ఎక్కువగా ఆఫ్రికా, మధ్య మరియు దక్షిణ అమెరికాలలోని నదులలోను, సరస్సులలోను నివసిస్తాయి. ఏంజెల్, డిస్కస్, ఆస్కార్ వంటి అలంకార చేపలు, ఆహారంగా పెంచే తిలాపియా ఈ కుటుంబానివే. భారతదేశపు స్థానిక సిక్లిడ్‌లు మూడు జాతులు మాత్రమే. వాటిలో ఒకటైన కరిమీన్‌ను కేరళ ప్రభుత్వం 2010లో రాష్ట్ర చేపగా ప్రకటించింది.

పలు జాతుల చేపలను కలిపి పెంచే తొట్టిని సామూహిక ఆక్వేరియం అంటారు. సిక్లిడ్‌లు తమ స్థలాన్ని, గుడ్లను, పిల్లలను కాపాడుకొనేందుకు పోరాడే చేపలు. అందువలన వీటికి తోటి చేపలను ఎంచుకొనేటప్పుడు రంగు కన్నా నీటి స్వభావం, ఎదిగిన తరువాతి పరిమాణం, ఆహారం మరియు సంతానోత్పత్తి కాలపు ప్రవర్తన ముఖ్యమైనవి.

నీటి స్వభావం

అమెజాన్ ప్రాంతపు సిక్లిడ్‌లు చాలావరకు ఆమ్లత్వం గల మృదుజలంలో జీవిస్తాయి. ఆఫ్రికాలోని మలావీ, టాంగన్యీకా సరస్సుల నీరు క్షారగుణం గల కఠినజలం. మలావీ సరస్సులో పి.హెచ్. సుమారు 7.8 నుండి 8.6 వరకు ఉండగా, టాంగన్యీకాలో 9కి చేరువగా ఉంటుంది. డిస్కస్ చేపకు 28 నుండి 30 డిగ్రీల సెల్సియస్ వేడిమి అవసరం. కావున డిస్కస్‌ను, మలావీ చేపలను ఒకే తొట్టిలో ఉంచితే ఏదో ఒకదానికి హాని తప్పదు. బోరు నీరు కఠినంగా ఉండే ఊళ్ళలో ఆఫ్రికా సరస్సుల చేపలను పెంచడం సులభం.

పరిమాణం

దుకాణాలలో 5 సెంటీమీటర్ల పిల్లగా అమ్మే ఆస్కార్ చేప 30 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. నోట పట్టే ప్రతి చేపా దానికి ఆహారమే. శాంతంగా కనిపించే ఏంజెల్ చేప కూడా ఎదిగిన తరువాత 3 సెంటీమీటర్ల నియాన్ టెట్రాలను మింగగలదు.

సంతానోత్పత్తి కాలం

నెలల తరబడి కలిసి తిరిగిన చేపలు జత కట్టిన వెంటనే మారిపోతాయి. ఏంజెల్ జంట ఆకు మీద గుడ్లు పెట్టి, ఆ పరిసరాలకు వచ్చిన ఇతర చేపలను తరుముతుంది. చిన్న తొట్టిలో పారిపోవడానికి చోటు లేక బలహీనమైన చేపలు గాయపడి మరణిస్తాయి.

మలావీ సరస్సులో రాళ్ళ మధ్య నివసించే సిక్లిడ్‌లను ఎంబూనా అంటారు. వీటిలో ఆడ చేప గుడ్లను నోటిలో ఉంచుకొని పొదుగుతుంది. ఒక మగ చేపకు పలు ఆడ చేపలను ఉంచితే మగ చేప వేధింపు ఒకే ఆడ చేప మీద పడదు. ఒకే రంగు, ఆకారం గల రెండు జాతుల మగ చేపలను కలపరాదు. ఎంబూనాలు ఎక్కువగా రాళ్ళపై పెరిగే నాచును తింటాయి. అధిక మాంసాహారం పెడితే పొట్ట ఉబ్బి చనిపోయే ప్రమాదం కలదు.

అనువైన కలయికలు

* ఏంజెల్: శరీరం ఎత్తుగా ఉండే పెద్ద టెట్రాలు, కోరిడోరస్ చేపలు. తొట్టి కనీసం 45 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి.
* రామ్ సిక్లిడ్: ఒరినోకో ప్రాంతానికి చెందిన ఈ చేప సుమారు 5 సెంటీమీటర్లు పెరుగుతుంది. వెచ్చని నీటిని తట్టుకొనే చిన్న టెట్రాలతో కలపవచ్చును.
* పసుపు లాబిడోక్రోమిస్: ఎంబూనాలలో సాధు స్వభావం గలది. దూకుడు తక్కువగా గల ఇతర ఎంబూనాలతో కలపవచ్చును.
* ఫ్లవర్‌హార్న్: 1990లలో మలేషియాలో సంకరం ద్వారా రూపొందించబడిన దూకుడు చేప. దీనిని ఒంటరిగానే పెంచాలి.

తొట్టి అమరిక

రాళ్ళు, కుండపెంకులు, మొక్కలతో చూపుకు అడ్డు కల్పిస్తే పోరాటాలు తగ్గుతాయి. రాళ్ళను ఇసుక మీద గాక తొట్టి అడుగున నిలపాలి. లేనిచో చేపలు ఇసుక తవ్వగా అవి కూలవచ్చును. సాధు చేపలను ముందుగా, దూకుడు చేపలను చివరగా వదలాలి. కొత్త చేపను చేర్చే సమయంలో రాళ్ళ అమరికను మార్చితే పాత చేపల హద్దులు చెరిగిపోతాయి.

మిగిలిన చేపలు

తొట్టిలో ఇమడని చేపలను చెరువులలో గాని, కాలువలలో గాని విడువరాదు. 1952లో భారతదేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా అనేక జలాశయాలకు వ్యాపించి స్థానిక చేపలకు పోటీగా మారింది. ఇమడని చేపను వేరొక తొట్టికి మార్చడం, లేదా తగిన తొట్టి గల పెంపకందారుకు గాని, దుకాణానికి గాని అప్పగించడం మంచిది.