కరణం మల్లీశ్వరి

భారత వెయిట్‌లిఫ్టర్. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. జననం 1975 జూన్ 1. పుట్టిన ఊరి విషయంలో రచనలు ఏకీభవించవు. చిత్తూరు జిల్లా తవణంపల్లె అని కొందరు, శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అని ఎక్కువమంది రాశారు. బరువులు పట్టింది మాత్రం ఊసవానిపేటలోనే. తండ్రి రైల్వే రక్షక దళంలో కానిస్టేబుల్. అక్కచెల్లెళ్లలో కొందరు కూడా ఇదే ఆటలో ఉన్నారు.

తొలి గురువు నీలంశెట్టి అప్పన్న. బక్కపలచగా ఉందని ఆయన మొదట ఒప్పుకోలేదని, తల్లి పట్టుబట్టి సాధన చేయించిందని చెబుతారు. మల్లీశ్వరి బలాన్ని వీరఘట్టం మల్లుడు కోడి రామమూర్తి నాయుడి వారసత్వంగా చెప్పడం ఈ ప్రాంతంలో పరిపాటి. అభిమానంగా సరే గానీ, ఆమె ఆట పుట్టింది అప్పన్న వ్యాయామశాలలో.

1990లో జాతీయ శిబిరానికి అక్కతో వెళ్లినప్పుడు సోవియట్ లిఫ్టర్ లియొనిద్ తరనెంకో ఆమెను గుర్తించారన్నది బాగా ప్రచారంలో ఉన్న కథనం. 1980 మాస్కో స్వర్ణ విజేత అయిన తరనెంకో 1992 బార్సిలోనాలో రజతం గెలిచేదాకా స్వయంగా బరిలోనే ఉన్నారు. కాబట్టి ఆయన శిబిరానికి వచ్చి చూసి ఉండవచ్చు గానీ, అప్పటికే భారత జట్టు కోచ్ అన్న మాట నమ్మడం కష్టం. ఆ బాధ్యత తర్వాతి కాలానిది.

54 కిలోల విభాగంలో 1993 ప్రపంచ పోటీల్లో కాంస్యం, 1994, 1995లలో స్వర్ణాలు, 1996లో మళ్లీ కాంస్యం. 1994 హిరోషిమా, 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో రజతాలు. అర్జున, ఖేల్‌రత్న, 1999లో పద్మశ్రీ వచ్చాయి. ఖేల్‌రత్న సంవత్సరం ఒక్కో జాబితాలో ఒక్కోలా ఉంది, 1994-95 సరైనదిగా తోస్తుంది. ప్రపంచ విజేతగా ఉన్న ఆ ఏళ్లలో ఆమె పేరు సామాన్య పాఠకుడికి అంతగా చేరలేదు. మహిళల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టిందే 2000లో.

సిడ్నీకి బయలుదేరేనాటికి ఆమె పని అయిపోయిందన్న విమర్శ పత్రికల్లో వినిపించింది. పోటీ జరిగింది సెప్టెంబర్ 19న, 69 కిలోల విభాగంలో. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. చైనా లిఫ్టర్ లిన్ వైనింగ్, హంగరీ లిఫ్టర్ ఎర్జెబెత్ మార్కుష్ చెరి 242.5 ఎత్తగా, శరీర బరువు తక్కువైనందున స్వర్ణం లిన్‌కు దక్కింది. మల్లీశ్వరి చివరి ప్రయత్నానికి 137.5 కిలోలు పెట్టించారు. అది లేవలేదు. అప్పటి నిబంధన ప్రకారం బరువు రెండున్నర కిలోల చొప్పున పెరిగేది. తుది ఫలితాలను బట్టి చూస్తే 135 ఎత్తినా మొత్తం 245తో స్వర్ణం ఆమెదే. కోచ్‌ల లెక్క తప్పిందని ఆమె తర్వాత చెప్పారు. ధైర్యంగా ఆడిన పందెమే అన్నది మరో వాదన. అంకెలు ఆమె మాటవైపే మొగ్గుతున్నాయి. అయినా వేదిక వెనక క్షణాల్లో తేల్చుకోవాల్సిన లెక్క అది.

ఆ క్రీడల్లో భారత్‌కు దక్కిన ఏకైక పతకం అదే. ఇంకో భారతీయ మహిళ ఒలింపిక్ పతకం అందుకోవడానికి 2012 లండన్ దాకా ఆగాల్సి వచ్చింది. ‘ఆంధ్రా ఉక్కు మహిళ’ అన్న పేరు తెలుగునాట స్థిరపడింది.

1997లో సహచర లిఫ్టర్‌ను పెళ్లాడి హర్యానాలోని యమునానగర్‌లో స్థిరపడ్డారు. 2004 ఏథెన్స్‌లో వెన్నునొప్పితో పోటీ ముగించలేకపోయారు, ఆపైన ఆట విరమించారు. 2020లో ఆమె జీవితంపై సినిమా ప్రకటించారు. 2021 జూన్‌లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా నియమితులయ్యారు.