సివిలైజేషన్: పాత ఆటలో చరిత్ర పాలెంత?

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం కావాలని కమిటీ మిత్రులు అడిగినప్పుడు, కాకతీయుల మీదో గోల్కొండ మీదో రాస్తాననుకుని ఉంటారు. నేను ఒక కంప్యూటర్ ఆట గురించి రాస్తున్నాను. మన సోషల్ మాస్టార్లు మన్నించాలి. కాలేజీలో చరిత్ర చెప్పే నాకు, ఈ ఆట ఆడొచ్చి ప్రశ్నలు వేసే పిల్లలు ఏటా ఒకరిద్దరైనా తగులుతున్నారు.

అది 1991లో అమెరికాలోని మైక్రోప్రోస్ కంపెనీ విడుదల చేసిన 'సివిలైజేషన్'. రూపొందించినవారు సిడ్ మెయర్, బ్రూస్ షెల్లీ. క్రీ.పూ. 4000లో ఒక వలస బృందంతో మొదలవుతుంది. చదరంగంలాగా ఒకరి తర్వాత ఒకరు ఆడాలి. తొందరపెట్టే గడియారం ఉండదు. ఊళ్ళు కట్టాలి, పొలాలకు నీళ్ళు పారించాలి, కొత్త విద్యలు కనిపెట్టాలి. మొదట్లో ఒక్కో వంతుకు 20 ఏళ్ళు గడుస్తాయి, చివర్లో ఒక్క ఏడాదే. మిగతా రాజ్యాలన్నిటినీ జయించినా, ఆల్ఫా సెంటారీకి అంతరిక్ష నౌకను చేర్చినా గెలిచినట్టే.

మొన్న సెలవుల్లో మళ్ళీ ఆడి చూశాను. బొమ్మలు వెలిసిపోయిన పాత క్యాలెండర్‌లా ఉన్నాయి. ఆధునిక యుగానికి వచ్చేసరికి దళాలను ఒక్కొక్కటిగా కదపడం మహా విసుగు. యుద్ధాల లెక్క మరీ మొరటు. బలాబలాలను బట్టి ఒకే పాచిక, ఓడినవాడు పూర్తిగా మాయం. అందుకే గోడచాటున ఈటెలు పట్టిన దళం ఒక్కోసారి యుద్ధనౌకను ముంచేస్తుంది! 1996లో వచ్చిన రెండో ఆటలో దీన్ని చాలావరకు సరిచేశారు.

అయినా లేవబుద్ధి కాలేదు. దాని బలం ఒకదానికొకటి ముడిపెట్టడంలో ఉంది. అక్షరాలు రానిదే రాత లేదు, రాత రానిదే గ్రంథాలయం లేదు. ఆవిరి యంత్రం, వంతెనల నిర్మాణం రెండూ తెలిస్తేనే రైలు. 'పారిశ్రామిక విప్లవానికి కారణములు వ్రాయుము' అని మనం బట్టీపట్టిన ప్రశ్నను ఈ ఆట ఆటగాడి చేతిలో పెడుతుంది. ఫ్యాక్టరీలు పెంచి కాలుష్యాన్ని వదిలేస్తే భూతాపం పెరిగి పంటభూములు పాడవుతాయి. 1991 నాటి ఆటలో ఇది తక్కువ సంగతి కాదు.

ఇందులో భారతీయుల నాయకుడు గాంధీజీ. ప్రోగ్రాంలో తప్పువల్ల, ప్రజాస్వామ్యం రాగానే ఆయన అణుబాంబులకు దిగుతారని ఒక కథ ప్రపంచమంతా తిరిగింది. అలాంటి తప్పేమీ లేదని 2020లో తన జ్ఞాపకాల పుస్తకంలో మెయరే రాశారు. ఆధారాల గురించి పాఠం చెప్పేటప్పుడు నాకిది బాగా పనికొస్తుంది.

నా పేచీ అంతా నేలతోనే. ఆట మొదలయ్యేసరికి భూమి దాదాపు ఖాళీ. అక్కడక్కడా గుడిసెలుంటాయి. అడుగుపెడితే బంగారమో కొత్త విద్యో ఇచ్చి మాయమవుతాయి, లేదా అందులోవాళ్ళు 'అనాగరికులై' మీదపడతారు. వాళ్ళు కనిపెట్టే విద్యలంటూ ఏవీ లేవు. అడవి అంటే నరికి పొలం చేసుకోదగ్గ ఒక గడి. రంప తిరుగుబాటు, జోడేఘాట్‌లో కొమురం భీం పోరాటం పాఠంగా చెప్పేవాడికి ఆ గడి ఎలా మింగుడుపడుతుంది? ముప్పై ఏళ్ళు దాటినా ఆటగా నిలిచింది, ఒప్పుకుంటాను. చరిత్రగా మాత్రం గెలిచినవాడి ఖాతా పుస్తకం.

అలాగని పిల్లల్ని ఆడొద్దనను. ఈసారి అసైన్‌మెంటే అలా ఇచ్చాను: ఆట పూర్తిచేసి, ఆ గుడిసెలోవాళ్ళ వైపు నుంచి నూరేళ్ళ చరిత్ర రాయండి అని. పేపర్లు ఇంకా దిద్దుతున్నాను.