షెంగా, షౌవా? చైనా పు-అర్ టీ కొనే ముందు

చైనాలో ఎంబీబీఎస్ చదివే పిల్లలు, గ్వాంగ్‌జౌ, ఈవూ మార్కెట్లకు వెళ్లొచ్చే వ్యాపారులు తెచ్చే కానుకల్లో కాగితం చుట్టిన గుండ్రటి టీ బిళ్ల ఒక్కోసారి కనిపిస్తుంది. మామూలుగా బరువు 357 గ్రాములు. అదే పు-అర్ టీ. ఇందులో రెండు రకాలు: షెంగ్ అంటే పచ్చిది, షౌ అంటే మాగబెట్టినది. ఏది ఏదో తెలియక మన చాయ్‌లా మరగకాచి, చేదని పక్కన పడేసేవాళ్లున్నారు.

ఇది యున్నాన్ రాష్ట్రపు పెద్దాకు టీ చెట్ల నుంచి వస్తుంది. ఆ నేలతో ముస్లింలకు పాత బంధమే ఉంది. కుబ్లాయ్ ఖాన్ 1274లో అక్కడికి పంపిన గవర్నర్ సయ్యిద్ అజల్ షమ్సుద్దీన్ ఉమర్ బుఖారా వంశస్థుడు. తర్వాతి శతాబ్దాల్లో కంచరగాడిదల మీద సరుకు వేసి కొండలు దాటించిన యున్నాన్ వర్తకుల్లో హుయీ ముస్లింలు పేరుమోసినవాళ్లు.

కోసిన ఆకును బాణలిలో వేడిచేసి, నలిపి, ఎండలో ఆరబెడతారు. ఇంతవరకు రెండింటికీ ఒకటే. దాన్ని ఆవిరి పట్టి బిళ్లగా నొక్కేస్తే షెంగ్. అది ఏళ్ల తరబడి తనంతట తానే మాగుతుంది. అంతకాలం ఆగలేక 1973 ప్రాంతంలో కున్‌మింగ్ ఫ్యాక్టరీ వాళ్లు ఇంకో దారి పట్టారు. ఆకును కుప్పపోసి, నీళ్లు చల్లి, తడిగుడ్డ కప్పి, మధ్యమధ్య తిరగేస్తూ నెలన్నర, రెండు నెలలు ఉంచారు. అదే షౌ. చెట్టున పండిన మామిడికీ, గడ్డిలో మాగేసిన మామిడికీ ఉన్న తేడా లాంటిదే ఇది.

“పులియబెట్టారంటున్నారు, మరి హలాలేనా?” అని ఇంట్లో పెద్దవాళ్లు అడగడం సహజం. ఆ కుప్పలో పనిచేసేవి సూక్ష్మజీవులు. ఇడ్లీ పిండి పులిసినట్టే గానీ, సారా కాచినట్టు కాదు. ఇది మత్తెక్కించే పానీయం కాదు. ఇంకా సందేహం ఉంటే మీ ఆలింకు ఈ తయారీ విధానం చెప్పి అడగండి.

ఇరానీ చాయ్‌కి అలవాటుపడ్డ ఇంటికి షౌనే నయం. డికాక్షన్ నల్లగా, రుచి మెత్తగా, తడిమట్టి వాసనతో ఉంటుంది. దావత్‌లో బిర్యానీ తిన్నాక బాగుంటుంది. కొత్త షెంగ్ పసుపుపచ్చగా దిగుతుంది, చేదు, వగరు ఎక్కువ. పరగడుపున తాగితే కొందరికి కడుపులో తిప్పుతుంది. షౌలో కెఫీన్ ఉండదన్న మాట నమ్మొద్దు. రెండింట్లోనూ ఉంటుంది కాబట్టి తరావీహ్ తర్వాత తాగితే నిద్ర చెడొచ్చు. రక్తం తక్కువున్నవాళ్లు భోజనంతో కలిపి తాగొద్దు, ఇనుము ఒంటికి పట్టనివ్వదు. గర్భిణులు డాక్టర్‌ని అడిగి తాగాలి. బరువు తగ్గిస్తుందని చెప్పి అమ్మేవాళ్లకు అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

డబ్బు పోయేది “పాత షెంగ్” దగ్గరే. పదిహేను, ఇరవై ఏళ్లు మాగిన షెంగ్ కూడా ఎర్రగానే దిగుతుంది, ధర చాలా ఎక్కువ. అందుకే షౌను పాత షెంగ్ అని అంటగడతారు. కాచాక ఆకును వేళ్లతో నలిపి చూడండి. షౌ ఆకు నల్లగా, మెత్తగా చిదిగిపోతుంది. పాత షెంగ్ ఆకు గోధుమరంగులో ఉన్నా సాగుతుంది, విప్పితే ఆకులాగే ఉంటుంది. బిళ్ల మీద 7542 అని ఉంటే 1975లో చేసిందని మురిసిపోకండి. 75 అనేది ఆ మిశ్రమం పుట్టిన ఏడు, చివరి 2 మెంగ్‌హాయ్ ఫ్యాక్టరీ గుర్తు. బిళ్ల నిరుడు చేసిందైనా అదే నంబరు ఉంటుంది. దాచి లాభానికి అమ్ముకుందామన్న ఆలోచన వద్దు. 2007లో చైనాలోనే ధరలు ఆకాశానికెక్కి, అదే ఏడాది కుప్పకూలాయి.

షౌకి ఒక పెద్ద గ్లాసుకు నాలుగు గ్రాములు చాలు. మరిగిన నీళ్లు పోసి పది సెకన్లలో వంపేయండి. మళ్లీ పోసి రెండు నిమిషాలు ఉంచి వడకట్టండి. అదే ఆకు ఇంకో మూడుసార్లైనా వస్తుంది. షెంగ్‌కి నీళ్లు మరిగాక కాస్త చల్లారనిచ్చి, అర నిమిషంలోనే వంపేయాలి. పాలు పోస్తే షౌ తట్టుకుంటుంది, షెంగ్ తట్టుకోదు.

బిళ్లను ఫ్రిజ్‌లో పెట్టొద్దు. మసాలా డబ్బాలకు, అత్తరు సీసాలకు దూరంగా గాలాడే నీడలో ఉంచండి, వాసనలు ఇట్టే పీల్చుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో వానాకాలం అప్పుడప్పుడూ తీసి చూడండి. బూజు నూగులా కనిపిస్తే దులిపి వాడకుండా పారేయండి.